తెరుచుకోని తలుపు

"ఇంకో పది నిమిషాల్లో వైవా! మా నస్రీన్ లోపలుండగా ఎవరో కావాలనే తాళం పడేట్టు చేశారు. ఆరేళ్ళ పరిశోధన మేడమ్!" అంటూ గైడు కూర్మారావు తలుపు పిడిని వదలకుండా గుంజుతున్నాడు.

"ఇక్కడ ఒకరి గుండె నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంటోంది. నెమ్మదించాక తెరుచుకుంటాను," అంది తలుపు, తీయటి గొంతుతో.

వాల్తేరులో ఇప్పుడు తలుపులన్నీ అంతే. దగ్గర్లో కంగారుపడే మనిషిని పసిగడితే బిగుసుకుపోతాయి. ఇన్‌స్పెక్టర్ వాగ్దేవికి రోజూ ఇలాంటి కేసులే. ఆమె తలుపుకి చెవి ఆనించింది. లోపల కరకరమని చప్పుడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఎగ్జామినర్లకి తెచ్చిన సమోసాలు తింటున్నా మేడమ్. నాలుగైపోయాయి. త్వరగా తీయించండి, వాళ్ళకి మిగలవు!"

"చూశారా, భయంతో పిల్లకి మతి పోయింది! ఇదంతా మా డిపార్ట్‌మెంట్ హెడ్డు పనే. నా మొదటి స్టూడెంట్ మేడమ్, ఈ వైవా ఆగితే నా పరువేం కావాలి?" అన్నాడు కూర్మారావు.

వాగ్దేవి అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది. నవ్వు ఆపుకుంటూ వరండా చివరిదాకా నడిపించుకెళ్ళింది. వెనక తలుపు టక్కున తెరుచుకుంది.

"దోషి దొరికాడమ్మా, పరిగెత్తు!"

"ఎవరు మేడమ్?" అంది నస్రీన్, సమోసాల పొట్లం చంకలో పెట్టుకుని.

"ఇంకెవరు? మీ గైడు కూర్మారావు గారే!"