సూర్యం ఫిర్యాదు

హిందీ రాష్ట్రంలో తెలుగువాళ్లుండే తార్‌బహార్ పేట చర్చిలో తనూజ పెళ్లి మొదలయ్యేసరికి వాళ్ల నాన్న సూర్యం గుమ్మంలో కోపంగా నిలబడ్డాడు. అతని వెనక ముక్కూ మొహం తెలియని నలుగురు మనుషులు, ఒక పోలీసు. పాట ఆగిపోయింది.

"ఈయన కూతుర్ని బలవంతంగా మతం మార్చి పెళ్లి చేస్తున్నారు!" అని ఆ నలుగురూ హిందీలో అరిచారు. పొద్దున్నే ఇంటికొచ్చి సూర్యాన్ని జీపెక్కించింది వాళ్లే.

తెల్లచీరలో ఉన్న తనూజ పెళ్లికొడుకు చెయ్యి వదిలి ముందుకొచ్చింది. "నన్నెవరూ బలవంతం చెయ్యలేదు."

"నువ్వు నోరు ముయ్యే!" అన్నాడు సూర్యం.

పోలీసు కాగితం తీశాడు. "చెప్పండి, మీ ఫిర్యాదేమిటి?"

"నా కూతురి పెళ్లికి నన్ను పిలవలేదు. అదే నా ఫిర్యాదు. రాసుకో."

నలుగురూ తెల్లబోయారు. "అరే చాచా, మేం చెప్పమన్నది అది కాదు!"

"నా ఇంటి గొడవలో మీరెవర్రా చెప్పడానికి? జీపుందని ఎక్కేను. ఇంక ఫోండి!"

వాళ్లు గొణుక్కుంటూ బయటికి నడిచారు. పోలీసూ కాగితం మడిచాడు.

తనూజ కోపం మాత్రం తగ్గలేదు. "పిలిస్తే వచ్చీవోడివేటి నాన్నా?"

"వచ్చీవోణ్ణి కాదు. అయినా పిలవాల కదేటి!" అని కసిరి, సూర్యం చెప్పులు విప్పి ముందు బెంచీలో కూర్చున్నాడు.