పొగబండి

"సూపర్‌వైజర్ గారూ, తాళం తీయండి. ఒక్క దమ్ము లాగి వచ్చేస్తా."

ఇస్త్రీ పెద్దాయన ఆ పొద్దున అలా అడగడం ఎన్నోసారో ఎవరికీ గుర్తు లేదు. హాలంతా గొల్లున నవ్వింది.

"పొగబండి కదిలింది," అంది అంచులు కుట్టే అక్క.

ఆయనకు ఆ పేరు పెట్టింది ఆమే. హాల్లో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. పక్క మిషన్ మీద గుండీలు కుట్టేది మాత్రం సొంత చెల్లెలు. తల్లి పోతూ పోతూ చేతిలో పెట్టి వెళ్లిన పిల్ల.

చెల్లెలు నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు వింటే అక్క ప్రాణం విలవిల్లాడుతుంది.

కుట్టు మిషన్ల హాలు మూడో అంతస్తులో ఉంది. ముందు మెట్లు ఇరుకు. వెనక ఒక ఇనుప తలుపు, దాని అవతల కిందికి దిగే ఇనుప మెట్లు. ఆ తలుపుకు ఎప్పుడూ తాళమే. వెనక దారిన గుడ్డలు జారిపోతాయని ఓనరుకు భయం. తాళం తీసి ఉంచమని ఒకసారి అందరూ కలిసి అడిగారు.

"మీలో దొంగలెవరో ముందు చెప్పండి, అప్పుడు తీస్తా," అన్నాడు ఓనరు.

ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

పనిలో చేరిన రోజే పెద్దాయన కూడా అదే అడిగి చీవాట్లు తిన్నాడు. మర్నాటి నుంచి ఈ సిగరెట్టు గోల మొదలైంది.

గుడ్డల మధ్య పొగ తాగకూడదు. ముందు మెట్లు దిగి వెళ్లి వస్తే బోలెడు పని ఆగిపోతుంది. కాబట్టి వెనక తలుపు తీయాల్సిందే. సూపర్‌వైజర్ తీయడం, వేయడం, మళ్లీ తీయడం. చివరికి విసిగి వేసారి, తాళంకప్పను గడియకు ఊరికే తగిలించి వదిలేశాడు.

"నువ్వే తీసుకో, నువ్వే వేసుకో. నా ప్రాణాలు తోడకు."

పెద్దాయన తలూపాడు. ఆయన మొహాన నవ్వు కనిపించింది ఆ పూటే.

వానలు మొదలయ్యేసరికి చెల్లెలి దగ్గు ముదిరింది. గుడ్డల నుంచి రేగే నూగు ముక్కుల్లోకీ జుట్టులోకీ పోతున్నా అక్క కంటికి అది ఆనలేదు. ఆనిందల్లా పెద్దాయన చెవి మీది సిగరెట్టే.

"బాబాయ్, నీ పొగకి మా చెల్లికి ఊపిరాడట్లేదు. మానేయకూడదూ?"

"అదొక్కటి అడక్కమ్మా."

"పిల్ల కన్నా సిగరెట్టు ఎక్కువైపోయిందా?"

పెద్దాయన చెల్లెలి వంక చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

"అమ్మాయిని వెనక తలుపు దగ్గరి మిషన్ మీద కూర్చోబెట్టు. గాలి తగుల్తుంది," అన్నాడు.

ఆ మాటకు అక్కకు ఒళ్లు మండిపోయింది. నేరుగా ఓనరు గదిలోకి వెళ్లింది.

"హాలంతా పొగ కంపు కొడుతోంది సార్. పైగా వెనక తలుపుకి తాళం కూడా ఉండట్లేదు."

కంపు మాట ఆమె కల్పించిందే. నిజానికి ఆమె ముక్కుకు ఏనాడూ ఏ కంపూ తగల్లేదు. కోపంలో ఉన్న మనిషికి ముక్కుతో పనేముంది? పొగ మాటకు తలెత్తని ఓనరు, తాళం మాటకు లేచి నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే పెద్దాయనను పనిలోంచి తీసేశారు. తలుపుకు తాళం పడింది.

పోతూ పోతూ ఆయన అక్క మిషన్ ముందు ఆగాడు.

"ఆ తాళం ఊరికే ఉండనివ్వకమ్మా. చెల్లికి బాగోలేదని చెప్పు. కళ్లు తిరుగుతున్నాయని చెప్పు. ఏదో ఒక వంక పెట్టి తీయిస్తూనే ఉండు."

అక్క తల తిప్పలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం స్విచ్చుల బోర్డు దగ్గర నిప్పు రేగి గుడ్డ పీలికలకు అంటుకుంది. చూస్తుండగానే ముందు మెట్లు పొగతో నిండిపోయాయి.

"వెనక్కి రా అక్కా," అంటూ చెల్లెలు ఇనుప తలుపు వైపు పరిగెత్తింది. ఆ తలుపు తెరిచే ఉంటుందని కాళ్లకు అలవాటు.

అక్క తోపులాటలో పడి ముందు మెట్ల మీదుగా వీధిలోకి వచ్చిపడింది. సూపర్‌వైజర్ కింద వ్యానులోకి సరుకు ఎక్కిస్తున్నాడు. తాళంచెవి అతని జేబులో ఉంది.

మంటలు చల్లారాక చూస్తే, చెల్లెలు ఆ తలుపును ఆనుకునే ఉంది.

ఏడవడానికి కూడా ఓపిక అయిపోయాక, ఒక రోజు అక్క ఆ వీధికి వెళ్లింది. ఇనుప మెట్ల కింద ఉన్న టీ కొట్టు దగ్గర ఆగింది.

"ఆ ఇస్త్రీ పెద్దాయన ఎక్కడుంటాడో తెలుసా అన్నా? కాళ్ల మీద పడాలి."

"ఊరు వదిలేశాడమ్మా. వెనక తలుపుకి తాళం వేసిన హాలు ఇంకెక్కడుందో వెతుక్కుంటూ పోయుంటాడు."

"రోజూ ఇక్కడే కాల్చేవాడుగా."

"కాల్చడమా?" టీ కొట్టతను గ్లాసు కడగడం ఆపాడు. "ఒక్కటీ వెలిగించింది లేదు. అగ్గిపెట్టె ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఆ మెట్ల మీద కాసేపు నిలబడి, మళ్లీ చెవి మీద పెట్టుకుని పైకెళ్లేవాడు. రోజూ ఆ ఒక్క సిగరెట్టే. నలిగి పసుపుబారిపోయింది."

అక్క తలెత్తి ఆ ఇనుప మెట్ల వైపు చూసింది.

"వెళ్లే రోజు అడిగాను, ఎందుకయ్యా ఈ వేషం అని. ఎప్పుడో ఇంకో ఊళ్లో ఇలాంటి హాలే తగలబడిందట. లోపలి ఆడపిల్లలు వెనక తలుపు బాదుతూ బాదుతూ అక్కడే పడిపోయారట."

"వాళ్లలో ఆయన కూతురుందా?" అని అడిగింది అక్క.

"కూతురు కాదమ్మా," అన్నాడు టీ కొట్టతను. "ఆ రోజు తాళంచెవి జేబులో వేసుకుని, సిగరెట్టు కాల్చుకోడానికి కిందికి దిగిన సూపర్‌వైజర్ ఈయనేనట."