ఏడాది ప్లాను

"లిమిట్ అయిపోయిందంట," అన్నాడు తేజ లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండా. "మళ్ళీ మధ్యాన్నం రెండు గంటలకి రమ్మంటాది."

గుమ్మంలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న అతని తల్లి ఆదెమ్మ తలెత్తింది. "మిషన్‌కి గూడా అన్నం టైము ఉండాదా నాయనా?"

కోడలు భవ్య నవ్వలేదు. మంచం అంచున కూర్చుని కుడి మణికట్టు నెమ్మదిగా ఒత్తుకుంటోంది. "ఊరికే ఇచ్చేది అంతే అత్తా. డబ్బు కడితే దినమంతా పనిచేస్తాది."

అది కోడు రాసిపెట్టే ఏఐ. కావలసింది మాటల్లో చెబితే ప్రోగ్రాము రాసిస్తుంది, తప్పులుంటే దిద్దుతుంది. తేజ పనిచేసే బెంగళూరు కంపెనీ దాన్ని వాడుకోవచ్చని చెప్పింది. ఖర్చు మాత్రం ఎవరిది వాళ్ళదే. పెళ్ళయిన దగ్గర్నుంచి, అంటే మూడేళ్ళుగా, పుంగనూరులోని ఈ ఇంటి ముందుగదే అతని ఆఫీసు.

సోమవారం భవ్య కుప్పం వెళ్ళాలి. అక్కడి ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఉండాలి. ఆ రోజు చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని చెప్పారు. 'నా పని ఒక దారికి రానీ, ఆమీద చేరుదువు' అని తేజ వారం నుంచి అంటూనే ఉన్నాడు. ఆ దారి ఈ ఏఐకి డబ్బు కట్టే ప్లాను దగ్గర ఆగిపోయింది.

"చిన్న ప్లాను చాలదా?" అన్నాడు.

"చిన్నదైతే సగం దినానికే నిలిచిపోతాది. ఈడ మేనేజరు అడుగుతాంటాడు, ఆడ అది పలకదు. అప్పుడేం జేస్తావు?"

"సరే, పెద్దదే. నెలనెలా కట్టేది తీసుకుందాం. ఒక నెల సూద్దాం."

"ఏడాదిది తీసుకో."

"బాగలేకపోతే?"

"నిన్నంతా వాడినావు కదా. బాగుండాదని నువ్వే అంటివి."

"ఏడాదంటే... ఏడాది, భవ్యా."

తన గొంతు తనకే నచ్చలేదు తేజకు. డబ్బు కోసం వెనకాడుతున్నానని అనుకుంటుందిలే అని సర్దుకున్నాడు. నెల అనే మాటలో తలుపు ఓరగా తెరిచి ఉంటుంది. ఏడాది అంటే గడియ పడినట్టే. నిన్నటి నుంచి ఆ యంత్రంలో అతనికి ఒకటి బాగా నచ్చింది. ఎన్నిసార్లు అడిగినా అది నిట్టూర్చదు. తెల్లవారక ముందు అడిగినా, కంచం ముందు అడిగినా ఒకే మర్యాద. అయినా ఆ మర్యాద ఎదుట ఒక్కడే కూర్చోవడం తలచుకుంటే చూపు నెల ప్లాను మీదికే పోయింది.

"ఇన్నేండ్లు ఇంట్లో ఊరికే కూసున్నావు. ఇప్పుడు యాల అమ్మా ఉద్యోగం?" అంది ఆదెమ్మ. "వాడు గదిలో పనిచేసుకుంటాంటే తలుపేసుకుని వాని పక్కనే ఉంటివి. అన్నానికి పిలిచినా లేస్తాంటివి కాదు. మొగున్ని ఒక పూట విడిసి ఉండలేనిదానివి, కుప్పంలో ఎట్ల ఉంటావు?"

"అలవాటవుతాదిలే అత్తా."

"ఇంటర్వ్యూలో అడగలేదా, ఇన్నాళ్ళు ఏం జేసినావని?"

"అడిగినారు. ఇంట్లోనే ఉండానని చెప్పినా."

తేజ కిటికీ వైపు చూశాడు.

"జీతం?"

"తక్కువే. నా పేరు మీద వస్తాది."

ఆదెమ్మ మూతి తిప్పింది. "మొగున్ని పేరు పెట్టి పిలిచే సదువు. ఇంగేం చెప్పాల!"

మదనపల్లె ఇంజనీరింగు కాలేజీలో ఇద్దరిదీ ఒకే క్లాసు. పెళ్ళయినా ఆ పిలుపు మారలేదు, ఆదెమ్మకు అది మింగుడుపడనూ లేదు.

తేజ మౌసు బాణాన్ని నెల ప్లాను మీదికి జరిపాడు. భవ్య లేచి బీరువాలోంచి చీరలు తీసి సంచిలో పెట్టుకోసాగింది.

"నెలనెలా ఈ మాట మళ్ళీ మొదలుపెట్టేదానికి నాకు ఓపిక లేదు తేజా."

కోపం ఉంటే అతనికి తేలికగా ఉండేది. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలడం కూడా లేదు. బరువు దించుకున్న మనిషి మాట్లాడినట్టు ఉంది. బాణం ఏడాది ప్లాను మీదికి వెళ్ళింది.

"ఓటీపీ వచ్చిందా?" అంది ఆమె వెనుదిరగకుండానే.

"వచ్చింది."

"కొట్టు."

కొట్టాడు.

సోమవారం పొద్దున కుప్పం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది భవ్యకు. పలమనేరు ఇంకా రాలేదు, ఫోను మోగింది.

"యాడుండావు?" అన్నాడు తేజ.

"దావలో ఉండా."

"మేనేజరు అడిగిన మార్పు దానికి చెప్పినా. నిమిషంలో రాసేసింది. నాకు భయంగా ఉండాది భవ్యా."

"యాల?"

"రేపు ఇదేంది, అదేంది అని అడిగితే ఏం చెప్పాల?"

"దాన్నే అడుగు."

"అడిగినా. మంచి ప్రశ్న అంటాది."

చాలా రోజుల తర్వాత భవ్యకు నవ్వొచ్చింది. "ఇంగేం! అది చెప్పేది నిదానంగా సదువు. అర్థం గాకపోతే మళ్ళీ అడుగు. దానికి విసుగు రాదు." ఫోను పెట్టేసి సంచిలో వేసుకుంది.

పక్క సీటులో పూలబుట్ట పెట్టుకున్న ఆవిడ ముసిముసిగా నవ్వింది. "ఇంటాయనా? నువ్వు లేకుంటే ఆయనకి దినం గడవదు మాదిరుండాదే!"

"అవునక్కా," అని భవ్య తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

మూడేళ్ళుగా తేజ ఉద్యోగం చేసింది ఆమే.