పెద్దాయనతో నడక

“మళ్ళీ చెప్పు. ఈసారి నేలచూపులు చూడకు,” అంది భార్య, అతని టీషర్టు కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తూ.

“నేను అక్కడ క్వాలిటీలో అసిస్టెంట్ మేనేజర్‌నండీ.”

“చివర్లో గొంతు పడిపోతోంది. దొంగతనం ఒప్పుకుంటున్నట్టుంది.”

“అబద్ధమే కదా మరి.”

“అయితే ఉన్నమాటే చెప్పు. మాత్రల స్ట్రిప్పులు సరిగ్గా అతుక్కున్నాయో లేదో చూసే కాంట్రాక్టు ఉద్యోగం, అదీ పోయి ఇంట్లో కూర్చున్నాను అని చెప్పు. ఆ పెద్దాయన ఇంకా పక్కన నడవనిస్తాడేమో చూద్దాం.”

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఉద్యోగం పోయిన కొత్తల్లో తెలిసినవాళ్ళందరికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్కొక్కరే ఫోను తీయడం మానేశారు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసే భార్యే ఈ దారి చూపించింది. ఎలాంటి మనిషిని ముందు లోపలికి పంపుతారో, ఎలాంటివాణ్ణి బయట కూర్చోబెడతారో ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది.

పెద్దాయన మరో మందుల కంపెనీలో ప్లాంట్ హెడ్. నిరుడు ఒక సెమినార్‌లో ఆయన వేదిక మీద మాట్లాడుతుంటే అతను వెనక గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. ఆయన పొద్దుటిపూట స్టేడియం వెనక ట్రాక్ మీద నడుస్తాడని తెలిసిన రోజే అతనికి ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది.

మొదట కొన్నాళ్ళు వెనకాల నడిచాడు. తర్వాత పక్కకు చేరాడు.

“ఏమోయ్, నీది ఏ కంపెనీ?” అని ఆయనే పలకరించాడు.

పాత కంపెనీ పేరు చెప్పాడు. అసిస్టెంట్ మేనేజర్‌నని కూడా చెప్పాడు. పెద్దాయన నడక ఆపి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

“ఈ వయసుకేనా? గట్టివాడివే!”

ఆ రోజునుంచి ఇద్దరూ కలిసే నడిచారు. నడుస్తున్నంతసేపూ ఆయన ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు.

“బ్యాచ్‌లో నాలుగు స్ట్రిప్పులు పాడైతే ఏం చేస్తావోయ్?”

“బ్యాచ్ మొత్తం ఆపిస్తానండీ.”

“పైవాళ్ళు అరిస్తే?”

“అరవనిస్తానండీ. మందు కదండీ, ఎవరింట్లోనో ఓ పిల్ల మింగుతుంది.”

ఈ ఒక్క జవాబు మాత్రం భార్య నేర్పింది కాదు. ఒకసారి నిజంగానే అలా ఆపించబోయాడు. ఆ నెలాఖరుకే కాంట్రాక్టు పోయింది.

పెద్దాయన భుజం తట్టాడు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే భార్య తేల్చేసింది. “ఆయన నిన్ను ఇంటర్వ్యూ చేస్తున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టలేదంతే.”

నిజంగా అలాగే ఉండేది. మీ ఎండీ ఎలాంటివాడు, కొత్తగా చేరేవాళ్ళను ఎవరు ఎంపిక చేస్తారు, వయసు చూస్తారా, అనుభవం చూస్తారా అని ఆయన గుచ్చి గుచ్చి అడిగేవాడు. తనకెంత తెలుసో తేల్చుకోవడానికే అనుకుని అతను తడుముకోకుండా చెప్పేవాడు. ఆయన ఫోను మోగడం ఎప్పుడూ వినలేదు. పెద్దవాళ్ళు నడిచేటప్పుడు కట్టేస్తారు కాబోలు అనుకున్నాడు. ఎండ ముదిరినా ఆయన బెంచీ మీదినుంచి లేచేవాడు కాదు. అంత పనున్న మనిషి తనకోసం కూర్చుంటున్నాడని అతనికి కడుపు నిండిపోయేది. అతనే ఆఫీసుకు వేళైనట్టు వాచీ చూసుకుని హడావిడిగా లేచేవాడు. సందు మలుపు తిరిగాక ఎటు పోవాలో తెలియక నిలబడిపోయేవాడు.

నిన్న పెద్దాయన, “రేపు కాస్త తీరుబడిగా రా. నీతో ఒక మాట చెప్పాలి,” అన్నాడు. అందుకే ఇవాళ టీషర్టుకు కూడా ఇస్త్రీ.

అతను బూట్లు తొడుక్కుంటుండగా మామగారి ఫోనొచ్చింది. అల్లుణ్ణి తన టైల్స్ కొట్లో కూర్చోమని ఆయన కొన్నాళ్ళుగా అడుగుతున్నాడు. అల్లుడు ఎటూ తేల్చడం లేదు. అతని తండ్రి తాపీమేస్త్రి. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది అతనొక్కడే. ‘నా కొడుకు చేతికి సిమెంటు అంటదు’ అని ఆ తండ్రి కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

“తను రాడు నాన్నా. వేరేవాళ్ళను పెట్టుకో,” అంది భార్య ఫోనులో. “అవును, ఆలోచించే చెబుతున్నాను. ఇవాళే పెట్టేసుకో.”

అతను లేసు కట్టుకోవడం ఆపి తలెత్తాడు. “తొందరపడ్డావేమో.”

“ఇది పోతే అది ఉందిలే అనుకుంటే అక్కడ నీకు నోరు పెగలదు. వెళ్ళు.”

పెద్దాయన ఇవాళ నడవడం లేదు. బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, తెల్లచొక్కా టక్ చేసుకున్నాడు. ఇటునుంచి ఇటే తనను వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్తాడేమో అనిపించి అతను కాలరు సరిచేసుకున్నాడు.

“రావోయ్, కూర్చో. నిన్ను చాలా రోజులుగా గమనిస్తున్నాను. నీలాంటివాడు తగలడం నా అదృష్టం.”

“ఎంతమాటండీ!”

“ఒక్క సంగతి దాచకుండా చెప్పు. మీ కంపెనీలో నీ మాట చెల్లుతుందా?”

అతను ఆయన కళ్ళలోకే చూశాడు. “చెల్లుతుందండీ.”

“మీ ఎండీ గదిలోకి నేరుగా వెళ్ళగలవా?”

“రోజూ వెళ్తూనే ఉంటానండీ.”

అంత నిబ్బరంగా అతను ఎన్నడూ మాట్లాడలేదు. ఇదే ఆఖరి ప్రశ్న అని తెలిసిపోయింది. ఇంటికి ఫోను చేసి మొదటిమాట ఏం చెప్పాలా అని కూడా ఆలోచించుకున్నాడు.

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. నడిచేవాళ్ళు దూరం వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత బెంచీ మీదినుంచి లేచి, అతని ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నన్ను తీసేశారు సార్, మీ దగ్గర ఏదైనా చూడండి.”