పొట్టి గేర్ రాడ్డు

చిన్న రసాల మామిడికాయలు మగ్గవేసిన షెడ్డులోకి ఝాన్సీ శివాలెత్తినట్టు వచ్చింది. లోపల ఆమె మొగుడు భాస్కర్ ఎర్ర స్పోర్ట్స్ కారు గేర్ రాడ్డు ఊడబీకి, కొత్తగా పొట్టిది బిగిస్తున్నాడు.

"ఈ కారు అమ్మి పారెయ్యమని చెప్పానా లేదా? మీకు చెవుడా, పొగరా?"

"రెండూనే. ఇటు చూడు, ఇది రోడ్డు మీదా పనికొస్తుంది, ట్రాక్ మీదా పనికొస్తుంది."

"ట్రాకా!" ఝాన్సీ చేతికందిన రసం పండు విసిరింది. అది భాస్కర్ చొక్కా మీద పగిలింది. "పోయినేడు అక్కడ పల్టీ కొట్టింది చాల్లేదా? మీ అమ్మగారు మొక్కని దేవుడు మిగిలాడా? ఆగిరిపల్లి రోడ్డులో కాయల ట్రాక్టర్ల వెనక దేకడానికి రేసు గేరొకటా మీకు?"

"నాకెందుకే? నాకు స్కూటీయే సరిగా రాదు."

భాస్కర్ చొక్కా తుడుచుకుని, ఎడమ పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"పల్టీ కొట్టినప్పటి నుంచి నీ ఎడం భుజం సాగట్లేదు కదా. పాత గేరుకి చెయ్యంతా చాచాలి. దీనికి మణికట్టు కదిపితే చాలు."

ఝాన్సీ తిట్లు ఆపలేదు. తిడుతూనే వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. మొదటి గేరు, రెండు, మూడు మార్చి చూసింది. భుజం నొప్పి పెట్టలేదు.

"గేరుకి ఇంత మెత్తటి స్ప్రింగు ఎవడు వేయమన్నాడండీ? ట్రాక్ మీద మూడో గేరు ఎక్కడుందో టార్చిలైటేసి వెతుక్కోవాలా? విప్పండి! గట్టిది వేయండి!"