బల్ల చప్పుడు

"జిల్లాకో కొత్త ఆసుపత్రి కడతాం, అధ్యక్షా," అని చదివి ఆర్థికమంత్రి ఆగాడు.

రేపటి బడ్జెట్ ప్రసంగానికి వంటింట్లో రిహార్సల్. ఆయన ఆగినప్పుడల్లా సభ్యుల బదులు భార్య బల్ల చరచాలి. రోడ్లకూ వంతెనలకూ గిన్నెలు ఎగిరేలా చరిచిన ఆవిడ, దీనికి మాత్రం చేతులు కట్టుకుంది.

"ఏమైందే?"

"దీనికి పోయినేడాదే చరిచాను కదండీ. కట్టారా?"

"ఇంకా పునాదే పడలేదు. సభలో అదెవరికి గుర్తుంటుంది?"

"అక్కడ వందమంది పంచుకుంటారు. ఇక్కడ వాచింది నా ఒక్కదాని చెయ్యి."

మంత్రికి నవ్వు ఆగలేదు. అది ఆవిడకీ అంటుకుంది. పొట్టలు పట్టుకుని నవ్వాక, ఆయన కళ్లు తుడుచుకుని కాగితం పక్కన పెట్టాడు.

"అధ్యక్షా, పోయినేడాది చెప్పిన ఆసుపత్రులు కట్టలేదు. ఎందుకు కట్టలేదో చెబుతాను."

ఈసారి ఆయన ఆగనేలేదు. గిన్నెలతో పాటు గరిటె కూడా ఎగిరి కిందపడింది.