ఫ్లోరెన్స్‌లో వాన

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ బాలసరస్వతి కొడుకును అడిగింది. "అంత వానలో ఏం తిరిగార్రా, పాపం?"

రోజూ ఈ గొడవలేంటని కోడల్ని కొండపల్లిలో తన ఇంటికి తీసుకెళ్ళిపోతానన్న వియ్యంకుణ్ణి కొన్నాళ్ళు ఆగమని బతిమాలి, ఇద్దరినీ ఇటలీ పంపింది ఆవిడే. పొద్దున్నే విజయవాడలో దిగారు.

"ఫ్లోరెన్స్ అంతా చూశాంలే అమ్మా. పెద్ద చర్చి గుమ్మటం ఎక్కితే వానలో ఊరంతా ఎర్ర పెంకులే," అన్నాడు ప్రణవ్.

"నువ్వెలా ఎక్కావే, వేదా? దుర్గ గుడి మెట్లకే కళ్ళు తిరుగుతాయంటావ్!"

పక్కన కూర్చుని కాయలు తుంచుతున్న వేదశ్రీ నవ్వింది. "నేనెక్కలేదత్తయ్యా. నది వంతెన మీదున్నా అప్పుడు. దాని నిండా బంగారం కొట్లే. వాన తగ్గేదాకా అక్కడే నిలబడ్డా."

"బంగారం కొట్లా! మరి వీడి జేబు ఖాళీ చేయించలేదూ?"

"ఆయన అటు రాలేదండీ."

బాలసరస్వతి చేతులు ఆగాయి. "మరి భోజనాలు?"

"ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు తినేవాళ్ళం," అన్నాడు ప్రణవ్.

"అక్కడ కూడా పోట్లాడుకున్నారా?"

"లేదత్తయ్యా," అంది వేదశ్రీ మెల్లగా. "ఒక్క మాట కూడా అనుకోలేదు. వారమంతా ఇద్దరికీ హాయిగా గడిచింది."

పోట్లాటలైతే బాలసరస్వతి ఎన్నో సర్దింది. ఇక్కడ సర్దడానికి పోట్లాటే లేదు.

కాయల పళ్ళెం పక్కన పెట్టి, "వచ్చి తీసుకెళ్ళమని మీ నాన్నగారికి ఫోన్ చెయ్యనా, అమ్మా?" అని అడిగింది.

వేదశ్రీ తలూపింది.

వద్దంటాడేమోనని ఆవిడ కొడుకు వైపు చూసింది. ప్రణవ్ బండి తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.